మా పెళ్ళిని అనుమానించిన సన్యాసమ్మ పిన్ని

నిన్న పొద్దున ఫోన్ వచ్చింది. సన్యాసమ్మ పిన్ని పోయిందట.

నేను నమ్మలేదు. డాక్టర్ చూశాడా, సరిగ్గా చూశాడా అని వాళ్ళమ్మాయిని మూడుసార్లు అడిగాను. పాపం, ఏడుస్తూనే జవాబు చెప్పింది.

ఫోన్ పెట్టేశాక సిగ్గేసింది. ఏదీ ఒక పట్టాన నమ్మకపోవడం నాకు పిన్ని దగ్గర అంటుకున్న జబ్బు.

మా మధ్య చుట్టరికం ఏమీ లేదు. ఎనభైల మొదట్లో పూర్ణా మార్కెట్ వెనక సందులో మావి పక్కపక్క పోర్షన్లు. మధ్యలో ఒకటే గోడ. నేను కృష్ణా జిల్లా నుంచి వచ్చి పోర్టులో క్రేన్ ఆపరేటర్‌గా చేరిన కొత్త.

పిన్ని పొద్దస్తమానం అరుగు మీద కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరేది. చూపు మాత్రం చేటలో ఉండేది కాదు.

పాలవాడి మీద అనుమానం. కరెంటు మీటర్ మీద అనుమానం. పోస్ట్‌మాన్ ఒక్క నిమిషం ఎక్కువ నిలబడితే వాడి మీదా అనుమానమే.

అలాంటి సందులోకి మా నీలవేణి వచ్చింది.

రంగూన్‌లో పుట్టిన తెలుగు పిల్ల. ఇక్కడున్న మేనత్తను చూడటానికి మూడు నెలల వీసా మీద వచ్చింది. పాస్‌పోర్టులో బర్మా పేరు, ఇంట్లో తెలుగు పేరు. పిన్నికి ఇంకేం కావాలి?

మేం ఇష్టపడ్డాం. మా నాన్నా, వాళ్ళ మేనత్తా ఒప్పుకోలేదు. వీసా ఇంకో ఇరవై రోజుల్లో అయిపోతుందనగా గుళ్ళో దండలు మార్చుకున్నాం. పెళ్ళి రిజిస్టర్ చేయించి, నా భార్యగా ఇక్కడే ఉండనివ్వండని పోలీసు ఆఫీసులో అప్లికేషన్ పెట్టాం.

పెద్దలెవరూ రాలేదు. ఫొటోగ్రాఫర్ రీలుకి వెలుతురు తగిలి ఒక్క ఫొటో కూడా మిగల్లేదు. ఇప్పుడు ఆలోచిస్తే, మా అప్లికేషన్ చూసిన ఎస్సై స్థానంలో ఉంటే నేనూ అనుమానించేవాడిని.

వారం తిరక్కుండా ఆయన నన్ను పిలిపించాడు. బల్ల మీద ఆకాశరామన్న ఉత్తరం. "ఇది వీసా కోసం ఆడుతున్న దొంగ పెళ్ళి" అని ఒకటే వాక్యం.

"ఎంక్వయిరీకి వస్తాను. రిపోర్టు తేడాగా వెళ్తే గడువులోపల మీ ఆవిడ వెళ్ళిపోవాలి," అన్నాడు.

వెళ్తే అంతే. అప్పట్లో బర్మాలో మళ్ళీ పాస్‌పోర్టు చేతికొస్తుందన్న ఆశ లేదు. నీలవేణి మూడు రోజులు అన్నం ముట్టలేదు. జ్వరం కూడా తగిలింది.

నాకు ఎవరిని చూసినా వాళ్ళే రాశారనిపించేది. చివరికి టైలర్ ఖాదర్ భాయ్ మీద స్థిరపడింది. నీలవేణి జాకెట్ కొలతలు రాసుకుంటూ "ఇంకా ఎన్నాళ్ళుంటారు?" అని అడిగాడాయన. అంతే, ఆ రోజు నుంచి ఆయనతో మాట్లాడటం మానేశాను.

గడువు ఇంకా నాలుగు రోజులుందనగా ఎస్సై సందులోకి వచ్చాడు. అడిగిన ప్రతివాళ్ళూ "మంచోళ్ళే బాబూ" అన్నారు. ఆయన ఒక్క ముక్క రాసుకోలేదు.

తర్వాత పిన్ని అరుగు దగ్గర ఆగాడు. ఇక అయిపోయిందనుకున్నాను.

"మంచోళ్ళో కాదో నాకు తెలీదు బాబూ. నాను సూసింది సెప్తాను," అంది పిన్ని.

"ఆ పిల్ల రొయ్యల ముద్దేదో ఏపుతాది. ఈడికి ఆ కంపు పడదు. ముక్కు మూసుకుని అరుగు మీద కూకుంటాడు. మళ్ళా అదే తిని డూటీకి ఎల్తాడు."

ఎస్సై ముఖంలో కదలిక లేదు.

"మొన్న దానికి జొరవొచ్చింది. తెల్లారకముందే కుళాయి కాడ ఈడు దాని సీరలు ఉతికేడు. ఎవులైనా సూత్తన్నారేటని నాలుగేపులా సూసుకుని మరీ ఉతికేడు."

"అయితే ఏంటమ్మా?"

"నాటకవైతే నలుగురూ సూసినప్పుడు ఉతుకుతాడు గదా బాబూ. ఎవులికీ కనపడకుండా ఉతకడవేటి?"

ఎస్సై జేబులోంచి పెన్ను తీశాడు. సందు మొత్తం నన్నే చూస్తోంది. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను.

గడువుకి ముందురోజు స్టాంపు పడింది. తర్వాత ఏటేటా రెన్యూవల్ తిప్పలు. చివరికి పౌరసత్వం.

పోయిన నెల కూర్మన్నపాలెంలో వాళ్ళమ్మాయి ఇంటికెళ్ళి పిన్నిని చూశాం. మంచం మీదే ఉంది. కాఫీ ఇస్తే, పంచదార వేశారా లేదా అని గ్లాసులోకి అనుమానంగా చూసింది. నేను నవ్వాను.

అప్పుడు చెప్పింది. "నాయనా, ఆ ఉత్తరం నానే రాసినాను."

"ఎందుకు పిన్నీ?" అన్నాను.

"అనుమానవొచ్చింది, రాసినాను. తరవాత కళ్ళారా సూసినాను, సెప్పినాను. రెండింటిలోనూ అబద్దం లేదు."

కోపం వచ్చింది. చాలా వచ్చింది. నలభై ఏళ్ళు ఆవిడకు దణ్ణాలు పెట్టాను, ఖాదర్ భాయ్‌ని చూసి ముఖం తిప్పుకున్నాను. ఆటో ఎక్కాక కూడా గొణుగుతూనే ఉన్నాను.

నీలవేణి మాత్రం, "మన పెళ్ళికి పెద్దలెవరూ రాలేదు. మన కాపురాన్ని కళ్ళు పెట్టి చూసింది ఆవిడొక్కతే," అంది. గొణగడం ఆపేశాను.

ఖాదర్ భాయ్ ఇప్పుడు లేరు. వాళ్ళబ్బాయి నా ఫ్రెండ్స్ లిస్టులో ఉన్నాడు కాబట్టి ఇక్కడే చెప్తున్నా. బాబూ, మీ నాన్నగారు ఏ తప్పూ చేయలేదు. తప్పు నాది. క్షమించు.

రాత్రంతా ఏడ్చి నీలవేణి ఇవాళ పొద్దున లేవలేకపోయింది. చీరలు నేనే ఉతికి ఆరేశాను. ఎవరైనా చూస్తున్నారేమోనని పాత అలవాటుగా పక్కకు చూశాను.

ఎవరూ లేరు పిన్నీ.

వెళ్ళిరా. ఇక కాపలా చాలు, కళ్ళు మూసుకుని ప్రశాంతంగా పడుకో.