డ్రయ్యర్ గొట్టం పక్కన పుదీనా

ముట్టుకుంటే తప్ప పుదీనా వాసన రాదు. మల్లెలా తనంతట తాను గాలిలోకి రాదు. ఆకు నలపాలి, లేదా దాటుకుంటూ పోయేవాళ్ళ చున్నీ అయినా తగలాలి. బీఎస్సీ బోటనీ మూడేళ్ళు చదివి నేను మర్చిపోనివి కొన్నే ఉన్నాయి, అందులో ఇదొకటి. అందుకే కెనడాలోని స్కార్‌బరోలో ఆ మార్చి నెల పొద్దున, బయట మంచు ఇంకా గడ్డకట్టి ఉండగా, నా బేస్‌మెంట్ గదిలోకి పుదీనా వాసన వచ్చేసరికి నాకు ఒళ్ళు జలదరించింది. వాసన వచ్చిందంటే దాన్ని ఎవరో ముట్టుకున్నట్టే కదా. బయట చూస్తే మంచు మీద అడుగు జాడ ఒక్కటీ లేదు.

నేను కాలేజీలో జనవరిలో చేరే బ్యాచ్‌తో వచ్చాను. బోటనీ చదివిన దాన్ని ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ డిప్లొమాలో ఎందుకు చేరావని అడక్కండి. ఆ రోజుల్లో మా కరీంనగర్ నుంచి బయల్దేరిన ప్రతివాళ్ళూ అదే చేశారు. విమానంలో మేమే, కాలేజీలో మేమే, బస్‌స్టాపులో మేమే. గది దొరకడమే గగనం. ఒక్కో బేస్‌మెంట్‌లో పరుపు పక్కన పరుపు వేసుకుని పడుకునేవాళ్ళం. అలాంటిది నాకు ఒక్కదానికే గది ఇచ్చింది ఈ ఇంటి ఆంటీ. ఆవిడ రిటైరైన మత్తు డాక్టరు, గుంటూరు వైపు మనిషి. భర్త పోయి రెండేళ్ళవుతోంది. ఒక్కతే కూతురు, కాల్గరీలో ఉంటుంది. పై అంతస్తంతా ఆవిడ, కింద నేను.

ఇంత మంచి మనిషి మీద నాకు ఒక్కటే కోపం ఉండేది, డ్రయ్యర్. వంటింటి పక్క గదిలో ఉండేది అది. దాని వేడిగాలి బయటికి పోయే గొట్టం సరిగ్గా నా కిటికీ పైన తెరుచుకునేది. కాఫీ షాపులో సాయంత్రం షిఫ్టు చేసి వచ్చి, పొద్దున ఇంకాసేపు పడుకుందామంటే చాలు, నెత్తిమీద గడగడ మొదలు. వారంలో ఎక్కువ రోజులు ఇదే తంతు. ఒంటరి మనిషికి ఇన్ని బట్టలెక్కడివని దుప్పటి ముసుగులో పళ్ళు నూరుకునేదాన్ని. నా బట్టలు మాత్రం సంచిలో వేసుకుని బస్సెక్కి లాండ్రోమాట్‌కి వెళ్ళాలి. ఇది మరీ అన్యాయమనిపించేది.

వాసన వచ్చిన ఆ పొద్దున నేను పైకి వెళ్ళి అడిగాను. "ఆంటీ, పుదీనా ఏమన్నా నూరుతున్నరా?"

ఆవిడ పోపు వేస్తోంది. గరిటె చేతిలోనే ఆగిపోయింది. పోపు మాడుతోంది, పొగ లేస్తోంది. ఆవిడకి తెలియడం లేదు. నేనే వెళ్ళి స్టవ్ ఆపాను. మాడినా ఆవిడకి ఎందుకు తెలియదో నాకు అప్పుడే తెలిసింది. భర్తని తీసుకెళ్ళిన కోవిడే ఆవిడ ముక్కుని కూడా తీసుకెళ్ళింది. అప్పట్నించీ ఏ వాసనా లేదు. లవంగాలు, కర్పూరం, కాఫీ పొడి రోజూ ముక్కు దగ్గర పెట్టుకుని సాధన చేసి చేసి విసిగిపోయి మానేసింది.

"పుదీనా అన్నావు కదమ్మా, ఎలాంటి పుదీనా?" అంది.

"మామూలుది కాదాంటీ. ఎట్ల చెప్పాలె... పచ్చడి పుదీనా అయితే కాదు."

ఆవిడ కుర్చీలో కూలబడి నాకు మొత్తం చెప్పింది. ఆయనకి పుదీనా పిచ్చి. ఇంజనీరుగా పనిచేసినన్నాళ్ళూ ఆదివారాలు నర్సరీల చుట్టూ తిరిగేవాడట. చాక్లెట్ వాసన ఒకటి, యాపిల్ వాసన ఒకటి, పైనాపిల్, అల్లం. అన్నీ పెరట్లో వరసగా పెట్టాడు. పక్కపక్కన పూస్తే రెండు పుదీనాలు కలిసి గింజ కడతాయి. ఆ గింజ మొలిస్తే తల్లిలాగా ఉండదు, ఇంకేదో అవుతుంది. అలా ఒక వేసవిలో ఎవరూ నాటకుండా ఒక మొక్క వచ్చింది. ఆయన దాన్ని నలిపి వాసన చూసి, పిల్లాడు పుట్టినంత సంబరపడి, ఆవిడ ముక్కు దగ్గర పెట్టాడు. ఇలాంటిది ఏ నర్సరీలోనూ లేదు, ప్రపంచంలో మన పెరట్లోనే ఉంది అన్నాడు. పేరు తర్వాత పెడదాం, ముందు బతకనీ అన్నాడు. ఆ వేసవి చివర్లోనే ఆయన పోయాడు.

"మరి ఆ మొక్క?"

"సంవత్సరీకం మర్నాడు స్నేహితుల్ని భోజనాలకి పిలిచాను. వంటకి సాయం వచ్చినవాళ్ళు పెరట్లో పుదీనా ఉంది కదా అని మొత్తం కోసేసి పచ్చడి చేశారు. వాళ్ళకేం తెలుసు, మనకి పుదీనా అంటే పచ్చడే కదా. నేనూ తిన్నాను. తినేటప్పుడు తెలియలేదు." కిటికీలోంచి పెరటి వైపు చూసింది. "మళ్ళీ చిగురించాయి, కానీ అన్నీ కలగాపులగం. ఏది ఏదో నాకు తెలియదు. వాసన ఉంటేగా తెలిసేది."

తర్వాత అడిగేసింది. "మంచు కరిగాక నువ్వు వెతికి పెడతావా? ఉందా లేదా, అదొక్కటి తెలిస్తే చాలు."

ఆ తర్వాత కూడా వారంలో రెండు మూడు పొద్దులు ఆ వాసన వస్తోంది. సన్నగా వచ్చి, నేను లేచి కూర్చునేలోపే పోతుంది. కిటికీకి చలి రాకుండా ప్లాస్టిక్ కాగితం అంటించి ఉంది, అంచుల్లోంచి గాలి ఎలాగూ దూరేది. నేను దయ్యాల్ని నమ్మే మనిషిని కాను. అయినా ఒకసారి, "అంకుల్, నేను అద్దెకున్నదాన్ని, నాకేం తెల్వదు" అని పైకే అనేశాను. అన్నాక నా మీద నాకే నవ్వొచ్చింది, భయం మాత్రం పోలేదు.

ఏప్రిల్ చివర్లో పెరడు బయటపడింది. నేలంతా పుదీనా వేళ్ళు తాళ్ళలా అల్లుకుపోయి ఉన్నాయి. పుదీనాకి మర్యాద తెలియదు. బలమున్నది బలం లేనిదాన్ని తొక్కేసి పోతుంది. చిగుళ్ళు వచ్చిన కొద్దీ నేను మోకాళ్ళ మీద కూర్చుని ఒక్కొక్కటే విడదీశాను. కాడ నల్లగా ఉన్నది చాక్లెట్. ఆకు మీద నూగు ఉన్నది యాపిల్. అంచు తెల్లగా ఉన్నది పైనాపిల్. పసుపు చారలున్నది అల్లం. మిగిలినదంతా వట్టి పచ్చడి పుదీనా, సగం పెరడు అదే మింగేసింది. ప్రతి ఆకూ నలిపాను. వేళ్ళు నల్లబడ్డాయి, ముక్కు మొద్దుబారింది. గదిలోకి వచ్చే వాసన మాత్రం వాటిలో దేనికీ లేదు. ఆంటీ వంటింటి కిటికీలోంచి చూస్తూ ఉండేది. నేను తల అడ్డంగా ఊపితే తెర వేసేసేది.

మే నెలలో ఒక పొద్దున డ్రయ్యర్ మోత మొదలైంది. తిట్టుకుంటూ లేచాను. అప్పుడే వాసన వచ్చింది. ఎందుకో ఆ క్షణంలో రెండూ ఒకేసారి వచ్చాయని గమనించాను. మంచున్న రోజుల్లోనూ అంతే కదా. చెప్పులు కూడా వేసుకోకుండా బయటికి పరుగెత్తాను. బేస్‌మెంట్ కిటికీ చుట్టూ మట్టి పడకుండా రేకు కట్టిన గుంట ఉంటుంది. అందులో ఎండుటాకులు నిండి ఉన్నాయి. గొట్టం కింద, ఇటుక గోడకీ రేకుకీ మధ్య చేతిని దూర్చి ఆకులు తీశాను. జానెడు మొక్క. వేడిగాలికి గజగజ ఊగుతోంది. ఎప్పుడో ఒక వేరు పెరట్లోంచి పారిపోయి వచ్చి ఇక్కడ తలదాచుకుంది. చలికాలమంతా డ్రయ్యర్ వేడే దాన్ని బతికించింది, ఆ గాలే దాన్ని ముట్టుకుంటోంది.

ఆకుల మీద నూలు పీచు అంటుకుని ఉంది, డ్రయ్యర్లోంచి ఎగిరొచ్చే పీచు. లేత నీలం.

ఒక రెమ్మ తుంచి పైకి వెళ్ళాను. ఆంటీ డ్రయ్యర్ ముందు స్టూలు మీద కూర్చుని ఉంది. ఒళ్ళో వేడి వేడి బట్టలు, అన్నీ మగవాళ్ళ చొక్కాలు. లేత నీలం, తెలుపు, గళ్ళవి. నన్ను చూసి దాచబోయి, ఇక దాచలేక ఊరుకుంది.

"ఎవరికైనా ఇచ్చేయమని మా అమ్మాయి పోరుతుంది," అంది. "ఉతకడం మానేస్తే పోయినవాళ్ళవి అయిపోతాయమ్మా అవి. ఉతికితే రేపు వేసుకునేవే కదా."

నేను ఇన్నాళ్ళూ దుప్పటి కింద తిట్టుకున్న మోత అది. నాకు ఏడుపొచ్చింది. ఏడుస్తూనే రెమ్మ ఆవిడ చేతిలో పెట్టాను. గుంటలో దొరికిందని, మీ చొక్కాల వేడికే బతికిందని చెప్పాను. ఆవిడ ఆకు నలిపి ముక్కుకి ఆనించి కళ్ళు మూసుకుంది. ఇంకో ఆకు నలిపింది. తర్వాత తల అడ్డంగా ఊపింది, వాసన రాలేదని.

"నువ్వు చూసి చెప్పు."

"ముందుగాల తమలపాకు ఘాటు ఆంటీ. దాని ఎన్కనే బత్తాయి తొక్క గిల్లినట్టు."

"అదే," అంది. "ఆయనన్నదీ అదే. ఇంకా?"

"కింద నా గదిలకొచ్చినప్పుడు ఇంకోటి ఉంటది. ఇస్త్రీ పెట్టె కింద తడిగుడ్డ వాసన."

"అది మొక్కది కాదులే," అంది చొక్కాల మీద చెయ్యి వేసి.

ఆ రోజు నుంచి అదొక అలవాటైంది. పొద్దున డ్రయ్యర్ వేసి, ఆవిడ మెట్ల మీద నిలబడి కిందికి అడిగేది. "వచ్చిందా అమ్మా?"

"వచ్చిందాంటీ."

"ఎలా ఉంది?"

తమలపాకు, బత్తాయి తొక్క, తడిగుడ్డ. రోజూ అవే మాటలు. ఒక్కటి తప్పినా ఒప్పుకునేది కాదు. కుండీలోకి మారుద్దామంటే వద్దంది, తనంతట తాను వెతుక్కున్న చోటు, కదపొద్దంది. ఇంకో ఏడాదిన్నర నేనక్కడే ఉన్నాను. నాకు జలుబు చేసిన రోజుల్లోనూ వచ్చిందనే చెప్పాను.

చదువయ్యాక పీఆర్, అంటే శాశ్వత నివాసం, కోసం విన్నిపెగ్ వెళ్ళాల్సి వచ్చింది. బయల్దేరేటప్పుడు ఒక రెమ్మ తడి టిష్యూలో చుట్టి జేబులో పెట్టుకున్నాను. అక్కడ బస్‌స్టాపు నుంచి గదికి నడిచేలోపు చలికి నల్లబడిపోయింది. ఆంటీ ఇంట్లో నా గదిలోకి నెల్లూరు అమ్మాయి వచ్చింది. ఆ జనవరిలో చలి ఎక్కువని ఆంటీని కూతురు వచ్చి కాల్గరీ తీసుకెళ్ళి నెలరోజులు ఉంచుకుంది. ఆ నెలంతా డ్రయ్యర్ తిరగలేదు.

ఆవిడ వెనక్కి వచ్చిన వారానికి ఆ అమ్మాయి నాకు ఫోన్ చేసింది.

"అక్కా, ఆంటీ రోజూ పొద్దున్నే వాసన వచ్చిందా అని అడగతా ఉంది. గుంటలోకి దిగి చూశానక్కా. ఎండిపోయిన పుల్లలే ఉన్నాయి. వేరు కూడా కుళ్ళిపోయింది. ఏం చెప్పేది?"

"వచ్చిందని చెప్పు."

"సరేలే. ఎట్టుందని అడిగితే?"

విన్నిపెగ్‌లో ఆ పొద్దున కిటికీ అద్దం లోపలి వైపు కూడా మంచు పట్టి ఉంది. గదిలో మొక్క లేదు, కుండీ లేదు. ముందు తమలపాకు ఘాటు అని చెప్పమన్నాను. దాని వెనకే బత్తాయి తొక్క. ఆ అమ్మాయి మెల్లగా ఒక్కో మాటా తిరిగి చెబుతోంది. చివర్లో ఇస్త్రీ పెట్టె కింద తడిగుడ్డ అన్నాను. వాసన వచ్చింది. నా గదిలోకి, సన్నగా, స్పష్టంగా. దాన్ని ఎవరు ముట్టుకున్నారో నాకు తెలియదు. "అక్కా, ఉన్నావా?" అని ఆ అమ్మాయి అడుగుతూనే ఉంది. అది పోతుందేమోనన్న భయంతో నేను ఊపిరి వదల్లేదు.