కాగితం మీద చిన్న చెయ్యి

గుడియాత్తంలో మా పెద్ద సిస్టరమ్మ పోయారని మొన్న పొద్దున ఫోను వచ్చింది. వేలూరులో కాలినగాయాల వార్డులో నాకు నర్సు పని నేర్పింది ఆమే.

చేరిన కొత్తలో నాకన్నీ తెలుసనుకునేదాన్ని. ఒకరోజు పేర్ణాంబట్టు నుంచి నాలుగేళ్ళ పాపను తెచ్చారు. వీపు మీద వేడి రసం పడింది. ఎవరో చెప్పారని ఇంకు కూడా పూశారు. సిస్టరమ్మ తల్లిని ఒక్క మాటా అనలేదు. నీళ్ళతో మెల్లగా కడుగుతూ, "భయపడొద్దమ్మా. ఇంకు పోతేనే పుండు ఎంత లోతుండాదో తెలిసేది," అన్నారు.

వేళ్ళతో కలిపి అరచెయ్యి ఒంట్లో సుమారు నూటికి ఒక వంతు. ఎన్ని చేతులంత కాలిందో చూసి సెలైన్ సంగతి తేలుస్తాం. నేను గాయం పైన నా చెయ్యి గాల్లో పట్టి కొలిచి, "ఐదు" అని రాశాను. పిల్లలకు పది దాటితేనే సెలైన్; ఐదుకు అక్కర్లేదు.

"ఎవురి చేత్తో కొలిస్తివి పాపా?" సిస్టరమ్మ నన్ను అడిగారు.

"నా చేత్తోనే."

"కాలింది నీ ఒళ్ళా?"

పాప చేతిని కాగితం మీద పెట్టించి, చుట్టూ పెన్నుతో గీసి, కత్తిరించారు. గాయానికి తగలనీయకుండా పైన పట్టి కొలిచారు. పదకొండు! నా లెక్కే నిలిచుంటే ఆ పసిదానికి సెలైన్ ఎక్కేదే కాదు. "కొత్తల్లో నేనూ ఇట్లే కొలిచినా. పో, డాక్టరుకి నువ్వే చెప్పు. దాచొద్దు," అన్నారు. ఏడుస్తూనే వెళ్ళి చెప్పాను. సెలైన్ ఎక్కింది, పాప కోలుకుంది. ఇంటికి వెళ్ళే రోజు తల్లి ఆ కాగితాన్ని అడిగి తీసుకుంది.

సిస్టరమ్మ పెళ్ళిళ్ళకు వెళ్ళినా ముందు వంటల దగ్గరికే దూరేవారు. "గిన్నె కింద పెట్టొద్దప్పా, పిల్లకాయలు తిరగతా ఉండారు!" వంటవాళ్ళు ఆమెను చూస్తేనే విసుక్కునేవారు. ఆమె పట్టించుకుంటే కదా! ఆవిడే లేకపోతే నేను లెక్క తప్పిన ఆ రోజే ఉద్యోగం మానేసేదాన్ని.

నిన్న గుడియాత్తంలో, ఆమెను పడుకోబెట్టిన వసారాలోకి కాట్పాడిలో చదువుకుంటున్న అమ్మాయి ఒకతె వచ్చింది. "అక్కా, గుర్తుండానా? రసం పడిన పాపని," అంటూ పుస్తకంలోంచి పసుపెక్కిన కాగితపు చెయ్యి తీసింది. తన అరచేతిలో పెట్టుకుని చూసింది. సగానికి కూడా రాలేదు.

తర్వాత దాన్ని సిస్టరమ్మ చేతి మీద ఉంచింది. ఫ్యాను గాలికి చిన్న వేళ్ళు లేచాయి. ఎగిరిపోకుండా నేను మెల్లగా అదిమి పట్టుకున్నాను.