కత్తి పట్టే ముందు రెండు సెకన్లు

“ముసలాయనకు నేల మీద చిల్లర దొరికినట్టుంది. ఏరుకోవడం అయ్యాక చెప్పండి, అప్పుడు కొట్టుకుంటాం.”

మా తమ్ముడు తయారుచేసిన కత్తియుద్ధం కంప్యూటర్ ఆట గురించి ఎవరో రాసిన అభిప్రాయం ఇది. ఏ దేశం మనిషో తెలియదు. దాని కింద చాలామంది నవ్వు బొమ్మలు పెట్టారు. నేను చదివి, ‘ఫిర్యాదులు’ అన్న వరుసలో చేర్చి, లేచి పప్పులో పోపు వేశాను. ఆ ముసలాయన మా బాపు. అప్పటికి ఆయన పోయి ఒక వానాకాలం దాటింది.

ఆటల సంగతి నాకు తెలియదు. చిన్నప్పుడు ఆయాసం ఉండేదని నన్ను బడికి పంపలేదు. అమ్మ బియ్యంలో రాళ్లు ఏరుతూ నాకు అక్షరాలు నేర్పింది. సాయంత్రం తమ్ముడు వచ్చి పుస్తకాల సంచి ఓ మూలకు విసిరేస్తే, అక్కడినుంచి నా బడి మొదలయ్యేది. అట్లా అబ్బిన ఇంగ్లీషే ఇవాళ నాకు పని ఇచ్చింది. తలుచుకున్నప్పుడల్లా ఆ విసిరేసిన సంచికి కూడా మనసులో దండం పెట్టుకుంటాను.

తమ్ముడు ఉద్యోగం మానేసి, ఇద్దరు స్నేహితులతో కలిసి పేట్ బషీరాబాద్‌లో ఒక ఇనుప సామాన్ల దుకాణం పైన గది తీసుకున్నాడు. పెద్ద కంపెనీ కాదు, ఆ ముగ్గురే. ఆడినవాళ్లు రాసేవన్నీ చదివి, దేనికది విడదీసి చెప్పే పని నాది.

“నేను సదివితే నాకు కోపమొస్తదక్కా. నువ్వు సదువు. నీకు కోపం రాదు గద,” అన్నాడు.

ఆట కోటల కాలం నాటిది. ఎక్కడో ఉన్న మనిషి ఇంకెక్కడో ఉన్న మనిషితో కత్తి, డాలు, బల్లెం పట్టుకుని తలపడతాడు. తుపాకులు, మంత్రాలు లేవు. అందులో కత్తి తిప్పే ప్రతి మనిషి కదలికా మా బాపుది.

బాపుది రావల్కోల్. కుర్రతనంలో ఊరి తాలీంలో, అంటే సాము నేర్పే చోట, కర్ర తిప్పడం, కత్తి తిప్పడం నేర్చుకున్నాడు. తర్వాత బతుకంతా కుత్బుల్లాపూర్ వైపు ఒక తీగల ఫ్యాక్టరీలో గడిచింది. బోనాలకు, పీర్ల పండుగకు మాత్రం చేతిలోకి కర్ర వచ్చేది. ఎడమ మోకాలు అరిగిపోయాక అదీ తగ్గింది. తమ్ముడికి ఆ చేతులు గుర్తున్నాయి. ఒంటికి పట్టీలు కట్టుకుని కదిలితే కంప్యూటర్ ఆ కదలికను పట్టేసుకుంటుందట. పట్టీలు అద్దెకు తెచ్చాడు. జాగా పెద్దది కావాలి. అవి మూఢాల రోజులు. పెళ్లిళ్లు లేక శామీర్‌పేట వైపు ఫంక్షన్ హాళ్లన్నీ తాళాలు వేసుకుని ఉన్నాయి. తెలిసినాయన ఒకరు తన హాలు తెరిచి ఇచ్చాడు. ఆయన చల్లగా ఉండాలి.

“గీ పట్టీలేందిరా, సర్కస్ కోతికి గట్టినట్టు?” అన్నాడు బాపు.

“జర కదలకుండ నిలబడు బాపూ. మిషిన్ సూస్తాంది.”

“సూడనియ్యి. నేనేమన్న దొంగనా?”

అమ్మ వేదిక మీదికెక్కి పెళ్లికూతురు కుర్చీలో కూర్చుంది. ఎర్ర మఖమల్ మీద చెయ్యి రాసుకుంటూ, “మన పెండ్లికి గిసొంటి కుర్సీ యాడిది? సాప మీద కూసోవెట్టిండ్రు,” అంది బాపు వైపు చూసి.

“ఇప్పుడు దొరికింది గద. ఇగ లెవ్వకు,” అన్నాడు బాపు.

తమ్ముడు మొదలుపెట్టమన్నాడు. బాపు చేతిలో కర్ర నేల మీద పెట్టి, ఎడమ మోకాలిని కాచుకుంటూ వంగి, నేల తాకి, ఆ చెయ్యి కళ్లకద్దుకుని, అంజన్నను తలుచుకుని అప్పుడు కర్ర అందుకున్నాడు.

“గది వద్దు బాపూ. సీదా పట్టు, కొట్టు.”

“మొక్కకుండ ఎట్ల పట్టుకుంటర్రా?”

“గిది ఉత్త కర్ర. కత్తి గాదు.”

“నాకు తెల్వదా కర్రని?” అన్నాడు బాపు. మళ్లీ మొదలుపెట్టమంటే మళ్లీ మొక్కాడు. డాలు ఇస్తే డాలుకు ముందు మొక్కాడు. బల్లెం అని గడకర్ర ఇస్తే దానికీ మొక్కాడు. తిప్పుతుంటే చేతిలోంచి జారి పడింది. తీసుకునే ముందు ఇంకోసారి మొక్కాడు.

“అన్నా, నాయిన చాయ్ కప్పుకు గూడ మొక్కుతడేమో సూడు,” అన్నాడు తమ్ముడి స్నేహితుడు. హాలంతా నవ్వులు మోగాయి. ఆ అబ్బాయే తర్వాత అడిగాడు: “మొక్కుతున్నప్పుడు అవుతలోడు కొడితే ఎట్ల నాయినా?”

“ఎవడు గొడ్తడు? గట్ల కొట్టినోన్ని మల్ల తాలీంల అడుగువెట్టనియ్యరు,” అన్నాడు బాపు. అదేం ప్రశ్న అన్నట్టు చూశాడు.

చివరికి తమ్ముడే ఓడిపోయి, “ఉండనీ, మంచిగనే ఉంది,” అన్నాడు. అట్లా ఆటలో ఆయుధం అందుకున్న ప్రతిసారీ మనిషి వంగి, నేలకు మొక్కి లేస్తాడు. మోకాలు నొప్పి వల్ల బాపు మెల్లగా లేచాడు కాబట్టి వాడూ మెల్లగానే లేస్తాడు. రెండు సెకన్లు.

ఆట జనంలోకి రాకముందే బాపు పోయాడు. ఒక పొద్దున చాయ్ తాగి, గ్లాసు పక్కన పెట్టి, గోడకు ఆనుకున్నవాడు అట్లాగే ఉండిపోయాడు. మంచాన పడలేదు, ఎవరి చేతా చేయించుకోలేదు. అంత సుళువుగా తీసుకుపోయినందుకు దేవుడికి దండం పెట్టాను. ఏడుపు రాలేదు. వస్తుందేమోనని కొన్నాళ్లు చూసి, తర్వాత చూడటం కూడా మానేశాను.

సాయంత్రం దీపం పెట్టాక ఆ రోజు అందినవన్నీ దేవుడికి చెప్పుకోవడం చిన్నప్పటినుంచీ నా అలవాటు. నీళ్లు వచ్చాయి, అమ్మకు కాళ్లనొప్పులు తగ్గాయి, కరివేపాకు చిగురు వేసింది, ఇట్లాంటివే. బాపు పోయాక కూడా ఒక్క రోజూ మానలేదు. కానీ నోరు చెప్తుంటే నేను పక్కన నిలబడి ఎవరి మాటలో వింటున్నట్టు ఉండేది. కూరలో ఉప్పు వేశానో లేదో నోట్లో పెట్టుకున్నా తెలిసేది కాదు. అమ్మ చెప్పాలి.

ఆడినవాళ్లలో మెచ్చుకున్నవాళ్లు తక్కువేం కాదు. కత్తి బరువు చేతికి తెలుస్తోందన్నారు. ఈ మనిషి కాళ్లు నిజంగా నేల మీద ఉన్నాయన్నారు. దెబ్బ వేశాక ఊపిరి తీసుకునే తీరు ఏ పెద్ద ఆటలోనూ చూడలేదని ఒకరు పేజీ నిండా రాశారు. గుర్రం గోడలో ఇరుక్కుపోయిందని, డాలు మాయమైందని రాసినవాళ్లూ ఉన్నారు. అవి సరిచేసేవి, తమ్ముడు సరిచేశాడు. మిగిలింది మొక్కు.

అది మొదట్లో వేళాకోళమే. తర్వాత ఒకరికి ఉపాయం తట్టింది. ఎదుటివాడి కత్తి కింద పడగొట్టాలి. వాడు దాన్ని అందుకోవడానికి వంగి మొక్కుతుంటే మెడ మీద వేటు వెయ్యాలి. ఇంతకంటే సులువుగా గెలిచే దారి లేదని ఒకరికొకరు చెప్పుకున్నారు. ఇక ఓడినవాళ్ల కోపమంతా మొక్కు మీదికి మళ్లింది. ‘దండం తీసెయ్యండి.’ ‘ఇది యుద్ధమా, ప్రార్థనా?’ ‘చేసినవాళ్లు ఎప్పుడైనా ఆడి చూశారా?’ ఆట అమ్మే పేజీ మీద పేరు కింద ‘మిశ్రమ స్పందన’ అన్న మాట కనిపించసాగింది. ఆ మాట అట్లాగే ఉంటే గది ఖాళీ చెయ్యాలి, తమ్ముడు మళ్లీ ఉద్యోగం వెతుక్కోవాలి. ఆ ముగ్గురికీ అది తెలుసు, నాకూ తెలుసు.

ఆదివారం అన్నం తింటూ తమ్ముడు అడిగాడు.

“నిజం జెప్పక్కా. ఎక్కువ మంది దేని మీద రాస్తున్రు?”

“మొక్కు మీదనే.”

“తియ్యమంటున్రా?”

“తియ్యమంటున్రు.”

అందులో దాచడానికి ఏమీ లేదు. దేవుడి ముందు ఒకటి, తమ్ముడి ముందు ఒకటి చెప్పడం నాకు రాదు.

“మీ బాపు మొక్కుడా?” అంది అమ్మ, పెరుగు వడ్డిస్తూ. “మనమే ఆపలేకపోయినం. గీళ్లేం ఆపుతరు?”

తమ్ముడు నవ్వాడు, కానీ ముద్ద నోట్లో పెట్టుకోలేదు. “నువ్వేమంటవక్కా? నువ్వు ఉంచమంటే ఉంచుత.”

“నేను ఆడేదాన్ని గాదు గద తమ్మీ.”

“అయితే ఆడు. ఆడినంక జెప్పు.”

మర్నాడు మధ్యాహ్నం మేడ్చల్ నుంచి బస్సులో వెళ్లాను. కింద దుకాణంలో ఇనుప కడ్డీలు కోస్తున్న చప్పుడు. తమ్ముడు నా చేతిలో మీటల డబ్బా పెట్టి, “గిది నొక్కితే కొడ్తది, గిది నొక్కితే ఆపుతది. భయపడకు, సచ్చిపోతే మల్ల లేస్తవ్,” అన్నాడు.

తెర మీది మనిషికి ఇనుప టోపీ ఉంది, ఎవరిదో ముఖం, ఎవరివో మీసాలు. కానీ వంగినప్పుడు ఎడమ మోకాలిని కాచుకుంటూ కుడి చెయ్యి ముందుకు చాపింది బాపు. పోరు మొదట్లో ఇద్దరూ ఒకేసారి మొక్కారు కాబట్టి నాకేం కాలేదు. నాలుగు దెబ్బలకే నా కత్తి జారిపోయింది. అందుకోమని మీట నొక్కాను. బాపు వంగాడు. నేల తాకాడు. ఎదుటివాడు వచ్చి మెడ మీద కొట్టాడు.

మళ్లీ ఆడాను. వేరే మనిషి, అదే దెబ్బ. ఇంకోసారి. ఈసారి కొట్టినవాడు కింద ఒక మాట కూడా రాశాడు: “తాతా, పడుకో.”

నాకు ఏమీ అనిపించలేదు. డబ్బా బల్ల మీద పెట్టాను.

“తీసెయ్ తమ్మీ.”

“కోపమొచ్చిందా?”

“లేదు. ఎవ్వరు ఆగుతలేరు ఆడ. ఆగనోళ్ల ముందట బాపును ఎందుకు వంగవెట్టుడు?”

తమ్ముడు అరచేతులు ప్యాంటుకు తుడుచుకుని, “సరే అక్కా,” అన్నాడు. నాకు చాయ్ తెప్పించాడు. తాగి, బస్సెక్కి ఇంటికి వచ్చాను.

మొక్కు పోయాక అభిప్రాయాలు మారాయి. ‘చివరికి మా మాట విన్నారు.’ ‘ఇప్పుడు ఆట పరుగెడుతోంది.’ ‘కత్తి కింద పడ్డా భయం లేదు.’ కొన్ని వారాలకు ‘మిశ్రమ స్పందన’ అన్న మాట పోయి మంచి మాట వచ్చింది. గది నిలబడింది. స్నేహితులిద్దరూ ఉన్నారు. వాళ్లు అడిగిందాంట్లో తప్పేముంది? ఆడేవాళ్లకు ఆట కావాలి. దీపం ముందు వాళ్లందరికీ మంచి జరగాలని చెప్పుకున్నాను. నోరు చెప్పింది.

మొన్నీమధ్య ఒక అభిప్రాయం వచ్చింది. మిషన్ అనువాదం చేసిన మాటలు, కాస్త అటూ ఇటూగా ఉన్నాయి. “సాధన చేసుకునే మైదానంలో, గడ్డిబొమ్మ ముందు, మనిషి ఇంకా వంగి నేలను తాకుతున్నాడు. తీయడం మరిచిపోయినట్టున్నారు. నాకు ఇబ్బంది లేదు. పని నుంచి వచ్చాక కాసేపు అక్కడే ఉంటాను. కత్తి పడేస్తాను, ఆయన వంగి తీసుకుంటాడు. మళ్లీ పడేస్తాను. పోరుకు వెళ్లను.”

తమ్ముడికి ఫోన్ చేశాను.

“గడ్డిబొమ్మ కాడ మొక్కు తియ్యలేదా? మర్సినవా?”

“మరువలే.”

“మరి?”

“ఆడ ఎవరు గొడ్తరక్కా? గడ్డిబొమ్మకు చేతులే లెవ్వు,” అన్నాడు. కింద కడ్డీల చప్పుడులో ఇంకేదో అన్నాడు కానీ వినపడలేదు. ఫోన్ పెట్టేశాను.

ఆ అభిప్రాయాన్ని ఏ వరుసలో పెట్టాలో తెలియలేదు. అది మెప్పూ కాదు, ఫిర్యాదూ కాదు. ‘చేయాల్సింది ఏమీ లేదు’ అని ఒక వరుస ఉంది. అందులో పెట్టాను.

ఆ సాయంత్రం దీపం ముందు, పేరు తెలియదు కాబట్టి, పని నుంచి వచ్చే ఆ మనిషి అని, ఆ రోజు అందినవాటిలో చేర్చి చెప్పుకున్నాను. అన్నాలు వడ్డించాక అమ్మ ఒక ముద్ద తిని, “ఉప్పు మల్ల మర్సినవ్ బిడ్డా,” అంది. లేచి తెచ్చి ఇచ్చాను.