జపాను డోళ్ళ గట్టిమేళం

మా అక్క పెళ్ళిని నేనెలా తగలేశానో చెబుతాను. నవ్వండి, ఫరవాలేదు. ఆరేళ్ళుగా మా అక్క అత్తవారింట్లో ఎవరూ నవ్వడంలేదు, ఆ లోటు మీరైనా తీర్చండి.

అప్పట్లో నాకో జబ్బుండేది. కనబడినవాడికల్లా "ఇది వినండి" అని పాటలు చెప్పడం. కాఫీ తాగేవాడికి జాజ్, జ్వరమొచ్చినవాడికి గజల్, బెంజి సర్కిల్లో ట్రాఫిక్‌లో ఇరుక్కున్నవాడికి బ్లూస్. బెజవాడలో సగంమంది నన్ను చూసి సందు మార్చేవారు. నన్ను నమ్మింది అక్క ఒక్కతే. పొద్దున్నే వంటింట్లోంచి "ఇవాళ ఏం వినమంటావురా?" అనేది.

ఆ నమ్మకంతోనే పెళ్ళిలో సంగీతం నాకప్పగించింది.

"సన్నాయి మేళం ఎందుకక్కా, పాతచింతకాయ పచ్చడి! ఎదురుకోలుకి సితార్, టిఫిన్లకి జాజ్, తాళి కట్టేటప్పుడు జపాను డోళ్ళు. అన్నీ ఫోన్లో పెట్టేస్తా."

"నాన్న ఒప్పుకుంటారంటావా?"

"నువ్వడిగితే ఒప్పుకుంటారు."

అడిగింది. పాపం, నాన్నతో రెండ్రోజులు పోట్లాడి మరీ ఒప్పించింది. నాన్న గొణుక్కుంటూనే చల్లపల్లి వీరాస్వామి గారికి ఫోన్ చేసి వద్దన్నారు. అమ్మానాన్నల పెళ్ళికి సన్నాయి ఊదింది ఆయనే.

"అలాగేనండి," అన్నారాయన స్పీకర్లో. "గట్టిమేళం మాత్రం జాగ్రత్తండి. ఆ టైములో ఎవరు తుమ్మినా, అపశకునం మాటన్నా పెళ్ళికూతురి చెవిన పడకూడదనే గదండీ మేం అంత గట్టిగా వాయించేది."

"ఈ కాలంలో తుమ్ములేంటండీ!" అన్నాను, మహా తెలివిగా.

పెళ్ళిరోజు నా ఫోన్లోని ఉచిత పాటల యాప్ మధ్యమధ్యలో సబ్బుల ప్రకటనలు వేస్తూనే ఉంది. టిఫిన్ల గోలలో నాతో సహా ఎవరూ పట్టించుకోలేదు. ముహూర్తం వచ్చింది. బావ తాళి అందుకున్నాడు. పంతులుగారు వేలెత్తి "గట్టిమేళం! గట్టిమేళం!" అన్నారు. నేను సౌండు ఆఖరిదాకా పెంచి జపాను డోళ్ళ మీద నొక్కాను.

ఎనిమిది స్పీకర్లలోంచి ఒక గంభీరమైన గొంతు: "రేపు మీరు లేకపోతే... మీ భార్య గతేంటి?"

రెండో ముడి దగ్గర బావ చెయ్యి ఆగిపోయింది.

"ఆపరా వెధవా!" నాన్న అరిచారు.

"ప్రకటన నాన్నా, ఐదు సెకన్లు ఆగాలి!"

"మృత్యువు చెప్పి రాదు!" అంది ఫోను.

అక్క అత్తగారు అక్షింతలు గుప్పిట్లో పట్టుకునే కూలబడ్డారు.

పెళ్ళికి వెళ్తూ పిల్లిని చంకన పెట్టుకెళ్ళినట్టు అంటారు. నేను ఫోను పెట్టుకెళ్ళాను. పిల్లే నయం, దానికి బీమా గురించి తెలియదు.

ఆ ఐదు సెకన్లకి అక్క ఇప్పటికీ మాటలు పడుతోంది. బావకి జలుబు చేస్తే అక్కే కారణం, బండి జారితే అక్కే కారణం. "మీవాళ్ళు పీటల మీదే చెప్పించారుగా!" అంటారట అత్తగారు. తలచుకుంటే నాకు కడుపు మండిపోతుంది. ఆవిడ మీద కాదు, నా మీద నాకే.

ఏం వినమంటావని అక్క మళ్ళీ అడగలేదు. మొన్న ఉండబట్టలేక నేనే ఒక పాట పంపాను. చాలాసేపటికి జవాబొచ్చింది: "మీ బావ బండి మీద ఉన్నార్రా. ఇంటికొచ్చాక వింటాలే."

ఆ అపశకునాన్ని అక్క కూడా నమ్మేసింది.

కాబట్టి కృష్ణమ్మ సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఇకమీదట చంటిపిల్లకి జోలపాట కూడా సిఫార్సు చేయను. నా పెళ్ళికి సన్నాయి వీరాస్వామి గారిదే. ఒక్కటే షరతు పెట్టారు, పెళ్ళికొడుకు ఫోను ఇంట్లో వదిలి రావాలట.