నోరు తెరిచి కూర్చోవడం

ఎటోబికోలో నేను పనిచేసిన ల్యాబు మీదుగానే విమానాలు దిగేవి. మొదటి వారం ప్రతి దానికీ తలెత్తి చూశాను. తర్వాత చూడ్డం మానేశాను. పొద్దున కాలేజీ, మధ్యాహ్నం రెండు బస్సులు మారి ల్యాబు, సాయంత్రం మళ్ళీ అవే రెండు బస్సులు. అవి కూడా మాలాంటి స్టూడెంట్స్‌తో కిక్కిరిసిపోయి ఉండేవి. డ్రైవర్ ఒక్కోసారి స్టాపులో ఆపకుండా, నవ్వుతూ చెయ్యూపి వెళ్ళిపోయేవాడు. మంచులో నిలబడి ఆ చెయ్యూపుడు చూస్తుంటే ఒళ్ళు మండిపోయేది. ఆ రోజుల్లో ఊరంతా స్టూడెంట్సే. ముప్పై దాటాక మళ్ళీ పుస్తకాల సంచి తగిలించుకున్న నేనూ అందులో ఒకదాన్ని. విజయవాడలో పళ్ళ సెట్లు తయారుచేసే ల్యాబులో ఫ్యాను కింద కూర్చుని పనిచేసుకునేదాన్ని, ఏం పుట్టిందో ఏమో, ఆ మంచు దేశంలో వచ్చిపడ్డాను.

ఈ ల్యాబులో పళ్ళ బదులు చెవులు. పైలట్లు వేసుకునే హెడ్‌సెట్లలో చెవుల్ని పైనుంచి డిప్పల్లా మూసేవి కొన్ని, చెవిలోపలికే దూరేవి కొన్ని ఉంటాయి. లోపలికి దూరేవాటికి చివర మెత్తటి తొడుగు ఉంటుంది. ఎవరి చెవికి వాళ్ళకి అచ్చు తీసి ఆ తొడుగు చేస్తే ఇంజన్ మోత చాలావరకు బయటే ఆగిపోతుంది, రేడియోలో మాట శుభ్రంగా వినపడుతుంది. చిన్న విమానంలో మోత ఎలా ఉంటుందంటే, ఓ పక్క మిక్సీలో పచ్చడి తిరుగుతుండగా ఫోన్లో బ్యాంకు వాళ్ళతో మాట్లాడ్డంలా ఉంటుంది. మేం చేసేది ఆ తొడుగులే. ఇయర్‌పీసులనేవాళ్ళం.

ల్యాబంటే ఓనరూ నేనూ, అంతే. ఓనర్ చిన్నప్పుడే పోర్చుగల్ నుంచి వచ్చిన పెద్దాయన, ఆరడుగుల పైనే మనిషి. పేరు పెట్టి పిలవమనేవాడు. నాకు నోరు రాదు. సర్ అంటే విసుక్కునేవాడు. అందుకని ఆయన్ని ఏమీ పిలవకుండా ఎదురుగా వెళ్ళి నిలబడేదాన్ని. అచ్చులు తీసేది ఆయన. పోతపోసి వచ్చిన తొడుగుల్ని అరగదీసి నునుపు చేసేది నేను. అందుకు వాడే బఫింగ్ వీల్ ఆయన ఎత్తుకి బిగించి ఉండేది. భుజాలు పైకెత్తుకుని పనిచేసేసరికి సాయంత్రానికి మణికట్టు నుంచి మెడ దాకా ఒకటే నొప్పి. వెళ్ళేటప్పుడు రోజూ అడిగేవాడు, "అలసిపోయావా?" అని. "నో నో, ఐయామ్ ఫైన్" అనేదాన్ని. బల్ల మీద ఆయన పాత రేడియో ఒకటి పొద్దస్తమానం గరగరలాడుతుండేది. దగ్గర్లో ఉన్న చిన్న ఎయిర్‌ఫీల్డ్ మాటలు అందులో వచ్చేవి. కింది నుంచి విమానాలకి దారి చెప్పే టవర్ వాళ్ళ మాట ముక్కలుముక్కలుగా వచ్చేది కానీ, గాల్లో ఉన్న పైలట్ల మాట బాగా వినపడేది. మా గిరాకీలో సగం అక్కడివాళ్ళే.

ఆ ఎయిర్‌ఫీల్డ్‌లోనే ఫ్లయింగ్ నేర్చుకుంటున్న కరీంనగర్ అమ్మాయి ఒకతె నేను అద్దెకున్న బేస్‌మెంట్‌లోనే పక్క గదిలో ఉండేది. సన్నగా, గాలేస్తే ఎగిరిపోయేలా ఉండేది. కళ్ళద్దాలు, ఇంత లావు జడ. స్కూలు వాళ్ళిచ్చిన డిప్పల హెడ్‌సెట్ పెట్టుకుంటే కళ్ళద్దాల కాడల దగ్గర సందు పడి మోతంతా చెవిలోకి వచ్చేదట. టవర్ వాళ్ళు చెప్పింది వినపడక, "సే అగైన్", అంటే మళ్ళీ చెప్పండి, అని ప్రతిదానికీ అడుగుతుంటే నేర్పించేవాడికి చిర్రెత్తుకొచ్చింది. "రేడియో అందని మనిషిని ఒంటరిగా గాల్లోకి పంపను" అనేశాడు. తోటివాళ్ళంతా సోలో చేసేశారు, అంటే టీచర్ లేకుండా ఒక్కళ్ళే ఓ చుట్టు తిప్పి దించేశారు. ఈ పిల్ల ఒక్కతే మిగిలిపోయింది. స్కూలు వాళ్ళు ఆఖరి పరీక్ష ఒకటి పెడతామన్నారు. అందులోనూ కాకపోతే కోర్సులోంచి తీసేస్తారు. కోర్సు పోతే స్టడీ పర్మిట్ పోతుంది, ఇక ఇంటికే.

"చెవిలో పెట్టుకునేది చేయించుకోవే, మా ల్యాబుకి రా" అన్నాను. చెప్పింది నేనే.

వచ్చింది. వాళ్ళమ్మ పంపిన సకినాలు డబ్బాలో పోసుకుని మరీ వచ్చింది. ఓనర్ ఒకటి కొరికి, పన్ను ఉందో లేదో నాలుకతో తడిమి చూసుకుని, ఇంకోటి తీసుకున్నాడు. తర్వాత ఆ పిల్లని కుర్చీలో కూర్చోబెట్టి, చెవిలో దారం కట్టిన దూది పెట్టి, సిరంజితో మెత్తటి ముద్ద నింపి, పళ్ళ మధ్య చిన్న స్పాంజి దిమ్మ పెట్టాడు. అది గట్టిపడే దాకా నోరు అలా తెరిచే ఉంచాలి. ఎందుకంటే దవడ కదిలితే చెవి లోపల ఆకారం మారుతుంది. చెవిలో వేలు పెట్టుకుని నోరు తెరిచి మూసి చూడండి, మీకే తెలుస్తుంది. పైలట్ అన్నాక మాట్లాడతాడు కదా, నోరు తెరిచినప్పుడు కూడా తొడుగు పట్టి ఉండాలి. నేను లోపల వీల్ దగ్గరున్నాను కాబట్టి అక్కడేం జరిగిందో చూళ్ళేదు.

తొడుగులు తయారయ్యాక మళ్ళీ వచ్చి పెట్టుకుంది. ఓనర్ అడిగాడు: నొప్పిగా ఉందా, వదులుగా ఉందా, మాట్లాడి చూడు.

"పర్ఫెక్ట్ సర్. థాంక్యూ సర్. థాంక్యూ అక్కా."

ఆయన మురిసిపోయాడు. నేనూ మురిసిపోయాను, అబద్ధమెందుకు. ఊరు కాని ఊళ్ళో మనవాళ్ళ పిల్లకి పనికొచ్చే పని ఒకటి చేశాననిపించింది.

ఆ తర్వాత కొన్ని వారాలు ఎవరి గోల వాళ్ళది. నాకు అసైన్‌మెంట్లు, మిడ్‌టర్మ్‌లు, బాత్‌రూమ్ దగ్గర క్యూలు. ఆ పిల్ల ఎదురైతే తల వంచుకుని గదిలోకి వెళ్ళిపోయేది. పరీక్ష దగ్గరపడుతోంది కదా, చదువుకుంటోందేమోలే అనుకున్నాను. పలకరించే ఓపిక ఎవరికుంది?

ఓ ఆదివారం, డబ్బులేసి బట్టలుతుక్కునే లాండ్రోమ్యాట్‌లో పక్కపక్క మెషీన్ల దగ్గర కూర్చున్నాం. లోపల వేడికి తట్టుకోలేక స్కార్ఫ్ విప్పింది. ఎడమ చెవి ఎర్రగా కందిపోయి, తమ్మె దాకా వాచి ఉంది.

"ఏందే అది!"

"ఏం లేదక్కా. జర వాచింది."

"జరనా? నా మొహం! ఇలా తిరుగు చూస్తాను."

తిప్పి చూశాను. ఆ తొడుగు కింద అంచు ఒరుసుకుని చర్మం లేచిపోయింది. దాని మీద కొబ్బరినూనె రాసి మరీ తొడుగు దూర్చుకుంటోందట రోజూ.

"మరి బాగుంది, పర్ఫెక్ట్ అన్నావు కదే!"

"గట్లెట్ల చెప్తనక్కా? పెద్దాయన, అంత మంచిగ చేసిచ్చిండు. నువ్వు చేతులు నొయ్యంగ అరగదీసినవ్. బాగలేదంటే ఏమనుకుంటరు? నువ్వు చెప్పి తీస్కపోయినవ్, నీ మాట పోదా?"

"నా మాట పోతే పోయింది, నీ చెవి పోతోంది కదే తల్లీ!"

అక్కడున్న తెల్లావిడ మడతపెడుతున్న దుప్పటి ఆపి చూసేంత గట్టిగా అరిచాను. నిజానికి నాకేం ఆశ్చర్యం వెయ్యలేదు. చంక దగ్గర పట్టేసిన జాకెట్టు టైలర్‌కి చూపించకుండా, ఆ జాకెట్టుతోనే పెళ్ళంతా నవ్వుతూ తిరిగొచ్చే జాతి మాది. కూర ఎలా ఉందని అడిగితే, అది ఎలా ఉన్నా రెండోసారి వడ్డించుకుని తింటాం.

మెల్లమెల్లగా మిగతాది బయటికొచ్చింది. నోరు మూసుకున్నంతసేపు తొడుగులు బాగానే ఉంటాయట. మాట్లాడ్డానికి నోరు తెరవగానే సందు పడి మోత లోపలికొచ్చేస్తుందట. అందుకని పళ్ళు బిగబట్టి మాట్లాడ్డం మొదలెట్టింది. దాంతో ఈ పిల్ల చెప్పేది టవర్ వాళ్ళకి అర్థం కాలేదు. ఇప్పుడు వాళ్ళు "సే అగైన్" అంటున్నారు. నేర్పించేవాడు ఇది ఇంగ్లీష్ ప్రాబ్లమ్ అని తేల్చేశాడు.

"చిన్నప్పటిసంది ఇంగ్లీష్ మీడియమే అక్కా నాది" అంటూ ఏడ్చింది. "మళ్ళ మళ్ళ అడగాల్నంటే సిగ్గైతుంది. సమజ్ కాకున్నా రోజర్ అంటున్న."

రోజర్ అంటే విన్నానని. వినపడకుండానే విన్నానంటోంది, గాల్లో. పరీక్ష ఆ పై వారమే.

సోమవారం చెయ్యి పట్టుకుని ల్యాబుకి లాక్కెళ్ళాను. తొడుగు సరిగా రాకపోతే మళ్ళీ చేసివ్వడం మా దగ్గర మామూలే, అలా తిరిగొచ్చినవి వెయ్యడానికో పెట్టె కూడా ఉండేది. ఓనర్ కోప్పడలేదు. చెవి చూసి తనకే నొప్పి పుట్టినట్టు మొహం పెట్టాడు. దాచిపెట్టిన పాత అచ్చు తీసి, దీపం కింద అటూ ఇటూ తిప్పి చూసి, "ఈ అచ్చు నోరు మూసుకుని తీసింది. నేను స్పాంజి పెట్టాను కదా, ఎలా మూసింది?" అన్నాడు.

పిల్ల నావైపు చూసి తెలుగులో గొణిగింది. "చేతులు కడుక్కుంటందుకు ఆయన లోపలికి పోయిండక్కా. నోట్లకెళ్ళి చొంగ కారుతుండె. పెద్దమనిషి ముంగట గట్ల నోరు తెరుసుకోని ఎట్ల కూసుంట? స్పాంజి తీసి చేతిల పట్టుకున్న. ఆయనొచ్చే చప్పుడైతే మళ్ళ పెట్టుకున్న."

ఓరి నీ మర్యాద మండిపోను! కొట్టాలనిపించింది, ముద్దూ వచ్చింది. ఓనర్‌కి ఇంగ్లీషులో చెప్పాను. రెండోసారి చెప్పాను. ఆయనకి మాటలు అర్థమవుతున్నాయి, విషయం అర్థం కావడం లేదు. "చొంగే కదా? పెద్ద పెద్ద కెప్టెన్లు ఈ కుర్చీలో కూర్చుని నెక్‌టైల మీద కార్చుకుంటారు" అన్నాడు. వాపు తగ్గే దాకా చెవిలో ఏమీ పెట్టొద్దని, తగ్గాక రమ్మని పంపించాడు.

వాపు తగ్గి మళ్ళీ వచ్చిన రోజు ఆయనకి ఒకటే అనుమానం, మళ్ళీ తీసేస్తుందేమోనని. నాకూ అదే అనుమానం. అందుకని వీల్ ఆపేసి వచ్చి, కుర్చీ లాక్కుని ఆ పిల్లకి ఎదురుగా కూర్చున్నాను. స్పాంజుల పెట్టెలోంచి ఇంకో దిమ్మ తీసి నా పళ్ళ మధ్య పెట్టుకున్నాను. నువ్వు ముయ్యొద్దు, నేనూ ముయ్యను అని సైగ చేశాను. ఇద్దరం అలా నోళ్ళు తెరుచుకుని ఒకళ్ళనొకళ్ళు చూసుకుంటూ కూర్చున్నాం. ముందు నాకే కారింది. దానికి నవ్వొచ్చి భుజాలు ఊగిపోయాయి. "నవ్వొద్దు, నవ్వొద్దు!" అని ఓనర్ కేకలు. నవ్వాపుకోడానికి కళ్ళు మూసుకుంది. కళ్ళలోంచి కూడా నీళ్ళు కారిపోతున్నాయి పాపం, కానీ నోరు మాత్రం ముయ్యలేదు. ఆ దేశం వెళ్ళాక నేను అంత తీరుబడిగా కూర్చున్నది అప్పుడేనేమో.

మర్నాటికి కొత్త తొడుగులు చేశాం. పెట్టుకుని, అలవాటు కొద్దీ "పర్ఫెక్ట్" అంది.

"బాలేనిది ఏంటో చెప్పు. చెప్పిందాకా కదలనివ్వను" అన్నాను.

నన్ను చూసింది, ఆయన్ని చూసింది, నేలని చూసింది. "ఎడమ దిక్కు... కింద... జర కుచ్చుకుంటున్నది."

ఎడమ తొడుగు తీసి చూపిస్తే ఓనర్ అందుకుని నాకిచ్చాడు. వీల్ దగ్గరికెళ్ళి గోరంత అరగదీసి తెచ్చాను. "ఇంకా ఉన్నదక్కా" అంది. మళ్ళీ తీశాను. "ఇంకా" అంది, ఈసారి గొంతు పెంచి. అలా ఎన్నిసార్లు తిప్పిందో! నా మెడ పడిపోతోంది, లోపల్లోపల తిట్టుకుంటున్నాను కూడా. చివరికి నోరు బార్లా తెరిచి, రేడియోలో చెప్పాల్సిన అంకెలన్నీ గట్టిగా చదివి, "ఇప్పుడు పట్టుకున్నదక్కా" అంది.

పరీక్ష శుక్రవారం మధ్యాహ్నం. ఓనర్ రేడియో సౌండు పెంచాడు. నేను వీల్ ఆపి, ఆపానని ఆయనేమీ అనలేదు కాబట్టి, అక్కడే నిలబడ్డాను. కాసేపటికి దాని గొంతు వచ్చింది, అది దాని గొంతేనా అన్నంత గట్టిగా. టవర్ ముక్కలు ముక్కలుగా ఏదో అనడం, ఇది మొత్తం తిరిగి అప్పజెప్పడం. పక్కన నేర్పించేవాడు ఉన్నాడు. ఓ చుట్టు, ఇంకో చుట్టు. తర్వాత చాలాసేపు ఏమీ లేదు. అయిపోయింది, దింపేశారు అనుకున్నాను. అంతలో మళ్ళీ అదే గొంతు, చివర్లో "ఫస్ట్ సోలో" అంటూ. అంటే నేర్పించేవాడు దిగిపోయాడు. విమానంలో అదొక్కతే ఉంది.

సగం చుట్టు అయ్యుంటుంది. టవర్ ఏదో చెప్పబోతుండగా అదే టైంలో ఇంకెవరో మాట్లాడారు, రెండూ కలిసి కీచుమని ఒకటే రొద. నాకేమీ అర్థం కాలేదు. దానికీ అర్థమై ఉండదు. ఎంత మంచి తొడుగు పెట్టుకున్నా అది వినపడదు. ఓనర్ బల్ల అంచు పట్టుకున్నాడు. రేడియోలో చప్పుడు లేదు. రోజర్ అనకే, నీకు దణ్ణం పెడతా, రోజర్ అనకే తల్లీ అని పైకే అన్నాను.

"సే అగైన్" అంది.

సిగ్గు లేదు, బెదురు లేదు. కూర తక్కువైంది, ఇంకొంచెం వెయ్యమన్నంత మామూలుగా అంది. టవర్ మళ్ళీ చెప్పింది. ఇది మొత్తం అప్పజెప్పింది. కాసేపటికి దిగి, రన్‌వే మీంచి పక్కకి వచ్చానని చెప్పింది. నేను కూలబడి ఏడ్చాను. ఓనర్ మొహం తిప్పుకుని డబ్బాలో మిగిలిన సకినం ముక్కలు వెతుక్కున్నాడు.

ఆ సాయంత్రం కోటు వేసుకుంటుంటే ఎప్పట్లాగే అడిగాడు, "అలసిపోయావా?" అని.

"అవును" అన్నాను. "ఆ వీల్ నాకు చాలా ఎత్తు. చేరిన రోజు నుంచీ భుజాలు పడిపోతున్నాయి."

ఆయన నన్నూ వీల్‌నీ మార్చి మార్చి చూశాడు. సొరుగులోంచి పానా తీసి, బల్ల కింద మోకాళ్ళ మీద కూర్చుని, స్టాండు కిందకి దించి బిగించాడు. ఉన్నవి నాలుగు బోల్టులే.