బావ కొన్న లాక్ ప్లయర్

బాన్సువాడ బస్టాండు వెనక సందులో నాకు ఇనుప సామాన్ల దుకాణం ఉండేది. తొంభైల చివర్లో రైతులు తరచుగా అడిగే వస్తువుల్లో లాక్ ప్లయర్ ఒకటి. చూపుకు మామూలు పట్కారులాగే ఉంటుంది. వెనక మర తిప్పి గట్టిగా నొక్కితే మాత్రం బిగుసుకుంటుంది, చెయ్యి తీసేసినా పట్టు వదలదు. వదిలించాలంటే పిడిలో ఉన్న చిన్న మీట నొక్కాలి. ఒంటరిగా పని చేసుకునే మనిషికి అది మూడో చెయ్యి.

నా దగ్గర రెండు రకాలు దొరికేవి. ఒకటి పంజాబు వైపు నుంచి వచ్చేది, నల్లగా, మొద్దుగా, బరువుగా ఉండేది. రెండోది హైదరాబాదు నుంచి డజన్ల లెక్కన దిగేది, కొత్త పెళ్లికూతురిలా మెరిసేది, ధర సగమే. జనం మెరిసేదాన్నే కొనేవారు. కొనే ముందు దాన్ని నా బల్ల కాలికి బిగించి, లాగి, ఊపి, కొందరైతే వేలాడి మరీ చూసేవారు. ఆ కాలి నిండా పళ్ల గాట్లే. బల్ల కూడా తీసుకుపోండి, కలిపి ఇస్తాను అనేవాణ్ని. ఎవరూ నొచ్చుకునేవారు కాదు, ఇంకోసారి బిగించి చూసేవారు.

నేను నల్లదాని పక్షం. మెరిసేదాని పళ్లకు లోతు తక్కువ, స్ప్రింగు పలచన, రెండు వానాకాలాలు దాటితే మరకు తుప్పు పడుతుంది. ఇదంతా దాచకుండా చెప్పేవాణ్ని. మరి ఎందుకు అమ్ముతున్నావని కొందరు అడిగేవారు. ఆ ప్రశ్న అందరికంటే ఎక్కువసార్లు అడిగింది మా అక్క మొగుడు.

బావది రుద్రూర్ దారిలో ఒక పల్లె. కాలువ నీళ్లు ఏనాడూ సరిగ్గా అందని కొసన ఆయన పొలం. చవక వస్తువంటే ఆయనకు దేవుడంత నమ్మకం. ఒకరోజు రెండు ప్లయర్లూ ఇంటికి పట్టుకుపోయాడు, చూసి ఒకటి వాపస్ ఇస్తానన్నాడు. మర్నాడు నేను వెళ్లేసరికి పశువుల కొట్టంలో ఇనుప కడ్డీకి రెండింటినీ బిగించి, ఒక్కోదానికి ఒక్కో యూరియా బస్తా వేలాడదీసి ఉంచాడు. జారితే తెలియాలని నేను కడ్డీ మీద సుద్దతో గీతలు గీశాను. సాయంత్రం దాకా చూశాం. రెండూ గీత దాటలేదు. నాకు లోపల కష్టంగానే అనిపించింది.

"సగం పైసలకు గంతే పట్టు. ఇగ చెప్పు బామ్మర్దీ" అన్నాడు బావ.

తుప్పు సంగతి రెండు వానలు పోయాక చూద్దాం అన్నాను. అన్నం వడ్డిస్తున్న అక్క ఆ మాట విన్నది. నల్లది నాతో పాటే బాన్సువాడకు తిరిగొచ్చింది.

బావ ఆ ప్లయర్‌ను వాడని పని లేదు. సైకిలు నట్టు నుంచి స్టార్టరు డబ్బా దాకా అదే. దాన్ని ఎంతసేపూ పొగుడుతూ ఉండేవాడు, ముఖ్యంగా నేను ఎదురుగా ఉన్నప్పుడు.

మరుసటి ఏడు వానలు ముందే వెనక్కి పోయాయి. వరి గింజ పాలు పోసుకునే వేళకు బావ బోరు మోటరు కాలిపోయింది. వైండింగు చుట్టించుకొచ్చేసరికి దసరా. ఆ రోజు పనిముట్లన్నీ పూజలో ఉంటాయి, ఎవరూ ముట్టరు. తెల్లారి మోటరు దించి నీళ్లు పెట్టకపోతే పంట తాలు పోతుంది. అందుకని సాయానికి నేనూ ఆ రాత్రి అక్కడే ఉండిపోయాను.

వాళ్లింట్లో ఆయుధపూజ అక్క చేతి పని. నాగలి కర్రు, గడ్డపార, రెంచీలు, అన్నింటినీ కడిగి వరసగా పెట్టింది. ప్లయర్‌కు తుప్పు పట్టకూడదని మూతి నుంచి మర దాకా ఆముదం పట్టించి, పసుపు రాసి, పెద్ద కుంకుమ బొట్టు పెట్టింది. పొద్దున బావ దాన్ని తువ్వాలతో తుడవబోతే ఆపింది.

"పూజల పెట్టిన బొట్టు తుడుస్తరా? అట్లనే ఉండనియ్యండి" అన్నది.

బొట్టు తుడవడమనే మాటే మా వైపు ఇళ్లలో ఎవరూ నోటికి రానివ్వరు. బావ తువ్వాల భుజాన వేసుకుని ప్లయర్‌ను అలాగే తెచ్చాడు.

మోటరు దించేటప్పుడు దాని బరువంతా ఇనుప తీగతాడు మీద ఉంటుంది. చివర తాడు ముడి వేసేదాకా కదలకుండా పట్టుకోవడానికి క్లాంపు కావాలి. క్లాంపు కిరాయికి తేవాలి, ప్లయర్ ఇంట్లోనే ఉంటుంది. అందుకని అందరూ ప్లయర్‌నే తాడుకు బిగించి బోరు మూతి మీద అడ్డంగా పెట్టేవారు. మేమూ అదే చేశాం. బావ ముడి కోసం తాడు కొస అందుకుంటుండగా ప్లయర్ పళ్ల మధ్య నుంచి తాడు సర్రున జారిపోయింది. మోటరు, నల్ల పైపు, వైరు అన్నీ లోపలికి పోయాయి. బోరు మూతి దగ్గర ప్లయర్ మాత్రం మిగిలింది.

కొక్కేలు వేసి వెతికినా ఏదీ చిక్కలేదు. కబురు తెలిసి ఊరు పొలానికి వచ్చింది, బావ వాళ్లమ్మ కూడా వచ్చింది. పండుగ తెల్లారే ఇట్లయిందంటే పూజలో ఎక్కడో ఖరాబైందని ఆమె మొదలుపెట్టింది, కోడలి వైపు తిరగబోయింది.

"పూజకేమైంది అవ్వా. చవక సరుకు తెచ్చిన, నాదే తప్పు. నా బామ్మర్ది ముందే చెప్పిండు, నేనే ఇనలే" అన్నాడు బావ, అందరికీ వినబడేటట్టు.

పంట సగం తాలు పోతుందని తెలిసి కూడా నాకు సంతోషం కలిగింది. అది నిజం. అందరికీ చూపించడానికి దుకాణంలో వేలాడదీస్తానని ఆ ప్లయర్‌ను అడిగి తెచ్చుకున్నాను. బల్ల మీద పెట్టి చూస్తే పళ్ల సందుల్లో ఆముదం, కుంకుమ కలిసి ముద్దగా ఉంది. కిరోసిన్‌తో కడిగి, తీగతాడు ముక్కకు బిగించి, మేకుల బస్తా వేలాడదీశాను. సాయంత్రం దాకా వెంట్రుకవాసి జారలేదు.

ఆ వారమే బావ నల్లది కొనడానికి వచ్చాడు. కడిగిన ప్లయర్‌ను ఆయన ముందు పెట్టి, నేను చూసింది చెప్పాను. ఆయన ఆశ్చర్యపోలేదు.

"ఎవలడిగినా సరుకే ఖరాబని చెప్పు. మీ అక్క అడిగినా గంతే" అన్నాడు.

అట్లాగే చెప్పాను. మా బావ మోటరు కథ విని జనం నల్లదానికి మళ్లారు. నా దుకాణంలో అబద్ధం చెప్పి మంచి సరుకు అమ్మింది ఆ ఒక్క విషయంలోనే.

రెండు వేల సంవత్సరం దాటాక ఒకరోజు అక్క ఒక్కతే వచ్చింది. తన అల్లుడు కొత్తగా బోరు వేయించాడట, ఒక లాక్ ప్లయర్ ఇమ్మన్నది. నేను నల్లది తీశాను. ఆమె మెరిసేదాన్ని చూపించింది. అలవాటు కొద్దీ బావ మోటరు కథ ఎత్తుకోబోయాను.

"నా దగ్గర గా ముచ్చట ఎందుకు తమ్మీ. తాడు జారిన్నాడే నాకెరుకైంది, నా చేతులు ఇంకా ఆముదం వాసన వస్తుండె" అన్నది. ప్లయర్‌ను బల్ల కాలికి బిగించి, లాగి చూసింది. "మీ బావ ఒక్క మాట తిట్టినా ఏడ్సి మర్సిపోదును. తిట్టలే. నేను చేసిన అని చెప్పుకునే సందు గూడ ఇయ్యలే."