ఇచ్చట మేకలు అమ్మబడవు

మా తమ్ముడు సుధీర్ ఫోన్ చేసి, “అక్కా, శనివారం ఫారం గేటుకి కొత్త బోర్డు పెడుతున్నాం. నువ్వు రానిదే పెట్టేది లేదంటున్నాడు నాన్న,” అన్నాడు. బడికి సెలవు పెట్టి, శనివారం పొద్దున ఆరున్నరకి విజయవాడ బస్టాండులో తిరువూరు బస్సెక్కాను. ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్ళకి టికెట్టు ఉచితం కనుక సీట్లన్నీ మా ఆడవాళ్ళతోనే నిండిపోయాయి. కిటికీ పక్కన కూర్చోవాలనుకునేవారు కాస్త ముందే వెళ్ళాలి.

మైలవరం దాటాక రోడ్డుకి రెండు పక్కలా మామిడితోటలు మొదలయ్యాయి. ఎ.కొండూరులో ఒకాయన కాయల గంప మోసుకుంటూ ఎక్కాడు. “పూత బాగానే వచ్చిందమ్మా, నిలబడలా,” అని అడక్కుండానే చెప్పి నిద్రపోయాడు.

తిరువూరులో దిగి, బస్టాండు ఎదురుగా వేడివేడి ఇడ్లీ తిని, వినగడప వైపు వెళ్ళే షేర్ ఆటో ఎక్కాను. “మేకల దావీదు గారింటికా? వాగు ఇవతలే దింపేస్తాలెండి,” అన్నాడు డ్రైవరు. మేకల దావీదు మా నాన్నే. నేను పుట్టకముందు ఒక ఆసామి ఇంట్లో పాలేరుగా ఉండేవాడు. తర్వాత నాలుగు మేకలతో సొంతంగా మొదలుపెట్టి, మాంసానికి పెంచి అమ్మి, నన్ను టీచరుని చేశాడు, తమ్ముణ్ణి డిగ్రీ చదివించాడు. క్రిస్మస్ ముందు వారం మా గేటు ముందు బండ్లు బారులు తీరేవి.

అలాంటి మనిషి అమ్మకం మానేశాడు. ఎందుకు మానేశాడో ఫోన్లో ముక్కలు ముక్కలుగా విన్నానే గాని, వాగు గట్టు మీద నిలబడి ఆయన నోట వినడం అదే మొదలు.

రెండేళ్ళ కిందట వానలకి ఈ వాగు పొంగి కొట్టంలోకి వచ్చేసింది. నాన్న, సుధీర్, మరదలు సుజాత ఒక్కో మేకనీ భుజానికెత్తుకుని మిట్ట మీదున్న చర్చికి చేర్చారు. పేటలో కుర్రాళ్ళంతా వరసగా నీళ్ళలో నిలబడి అందుకున్నారు. ఒక్కటి కూడా పోలేదు. ఆ ఆదివారం ఆరాధన మేకల మధ్యే జరిగిందట. పాస్టరుగారు ప్రార్థన చేస్తుంటే మధ్యమధ్యలో అవీ అరిచాయట.

“నీళ్ళు తీసిన వారానికి బేరగాడు వచ్చాడమ్మా,” అన్నాడు నాన్న. “ఒకదాన్ని పట్టుకొచ్చి కాటా దగ్గర నిలబెట్టా. అది నా మెడ మీద పడుకుని వచ్చిందే. ఇంక నా చెయ్యి ఆడలా. ఎట్టా ఎక్కించేది?”

సుధీర్ ఆరు నెలలు నాన్నతో సరిగ్గా మాట్లాడలేదు. ఇల్లెట్టా గడుస్తుందని వాడి బెంగ. సుజాత ఆసుపత్రిలో నర్సు. “నా జీతం ఉంది, మేకల ఎరువు తోటలవాళ్ళు ఎగబడి కొనుక్కుపోతున్నారు, చూద్దాం,” అని తనే సర్దిచెప్పింది. మంద పెరిగిపోకుండా పోతులకి ఆపరేషన్లు చేయించింది కూడా తనే. ఇప్పుడక్కడ మేకలే కాదు, ఎవరో వదిలేసిన రెండు గేదెలు, కాలు విరిగిన గాడిద, లెక్కలేనన్ని కుక్కలు ఉన్నాయి.

బోర్డు చూసి నవ్వాగలేదు. సుధీర్ మంచి పేరు పెట్టి బొమ్మ వేయిద్దామన్నాడట. నాన్న ఒప్పుకోలేదు. ‘ఇచ్చట మేకలు అమ్మబడును’ అన్న పాత రేకు మీదే చివరి మాట చెరిపించి ‘అమ్మబడవు’ అని రాయించాడు. “ఇంకా బేరానికి వస్తూనే ఉన్నారు. వచ్చినోళ్ళకి సంగతి తెలిస్తే చాలు, పేరెందుకురా?” అన్నాడు. పాస్టరుగారు చిన్న ప్రార్థన చేశాక, నేనూ సుజాతా చెరో పక్కన పట్టుకుంటే సుధీర్ మేకులు కొట్టాడు.

మధ్యాహ్నం మామిడికాయ పప్పు, చేపల పులుసు. “చేపలు తింటాను, మేక మాత్రం నోట్లో పెట్టలేను,” అన్నాడు నాన్న దాపరికం లేకుండా.

ఇంకా చేతులు కడుక్కోలేదు, గేటు ముందు ట్రాలీ ఆటో ఆగింది. పెనుగొలను నుంచి వెంకట్రావు గారు వచ్చారు. నాన్న పాలేరుగా ఉన్న ఇంటి వారసుడు. నా చిన్నప్పుడు నా ఎదుటే నాన్నని ‘ఏరా దావీదూ’ అన్న మనిషి. వెనక ట్రాలీలో ముసలి ఎద్దు, ఒక కన్ను పూర్తిగా తెల్లబడిపోయింది.

“దావీదు గారూ,” అన్నారాయన. “సంతకి తోలెయ్యమంటున్నారు ఇంట్లో. నాకు మనసొప్పట్లా. మీ దగ్గర ఉంచుతారేమోనని వచ్చా.”

సుధీర్ అడ్డుపడ్డాడు. “చోటు లేదండి. ఈ ఎండల్లో ఉన్నవాటికే మేత చాలట్లా.”

వెంకట్రావు గారు తలదించుకున్నారు. నాన్న ట్రాలీ దగ్గరికి వెళ్ళి, ఎద్దు మెడ మీద కాడి రాసుకుని కాయకాసిన చోట అరచేయి పెట్టి నిలబడ్డాడు. అది బెదిరి వెనక్కి అడుగేసింది. గిట్ట జారింది. ఒరిగిపోతుంటే అందరికంటే ముందు ఉరికి భుజం ఆనించింది సుధీరే. తిట్టుకుంటూనే పలుపు విప్పాడు, చెక్క పలక ఆనించి మెల్లగా దింపాడు, తీసుకెళ్ళి గేదెల పక్కన కట్టేశాడు.

“చోటు సంగతి రేపు చూద్దాంలే నాన్నా,” అన్నాడు ఎటో చూస్తూ.

నాన్న అప్పుడు వెంకట్రావు గారి వైపు తిరిగాడు. “గడ్డి మీరు పంపాలండి. పంపి ఊరుకుంటే కుదరదు. అప్పుడప్పుడూ వచ్చి చూసిపోవాలి. అది మిమ్మల్ని వెతుక్కుంటది.”

“అట్టాగే దావీదు గారూ,” అన్నారాయన చేతులు జోడించి. సుజాత నా చెయ్యి గట్టిగా నొక్కింది. ఇద్దరం కళ్ళు తుడుచుకున్నాం.

సాయంత్రం తిరువూరులో ఐదింటి బస్సు ఎక్కాను. పక్క సీట్లో కూర్చున్నావిడ మాటల్లో ఊరడిగి, “ఆ వాగు దగ్గర మేకల ఫారం ఉండాలే, అక్కడ మాంసం బాగుంటుందంటారు. ఇంకా అమ్ముతున్నారాండీ?” అంది.

“లేదండి, ఇప్పుడు పెంచుతారంతే.”

“పెంచి?”

“పెంచడమేనండి. బతికినంత కాలం.”

ఆవిడ నన్ను వింతగా చూసి కిటికీ వైపు తిరిగింది. మైలవరం రాబోతుండగా మళ్ళీ ఇటు తిరిగి, “మా పిల్లల్ని తీసుకెళ్తే చూడనిస్తారా?” అని అడిగింది.

“వినగడప ఆటో ఎక్కి, వాగు ఇవతల దిగండి. ఎవరు పంపారని అడిగితే దావీదు గారి పెద్దమ్మాయి పంపిందని చెప్పండి,” అన్నాను. నా గొంతు కాస్త పెద్దగానే పలికినట్టుంది, ముందు సీట్లోవాళ్ళు కూడా వెనక్కి తిరిగి చూశారు.